సర్వేలో ఉన్నవాడికి కల్లు పొయ్యొద్దు

మా పనిలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “మేడం, జనం నిజం చెప్తరా?” చాలామంది చెప్తారు, కొందరు చెప్పరు. చెప్పనివాళ్ల చేత చెప్పించే ఉపాయాలు పుస్తకాల్లో బోలెడున్నాయి, చదువుకోండి. నేను చెప్పాలనుకున్నది ఇంకో సంగతి. మనం నాలుగు ప్రశ్నలు అడిగి, సంచి భుజాన వేసుకుని వచ్చేస్తాం కదా, ఆ తర్వాత ఆ మనిషి మునుపటిలాగే ఉంటాడా? ఉండడు. మనం వచ్చేసినా మన ప్రశ్న అతని దగ్గరే ఉండిపోయి పని చేస్తుంది. ఈ సంగతి నాకు అర్థమైన రోజును తలచుకుంటే ఇప్పటికీ కూర్చున్న చోట కుదురుగా ఉండలేను.

నా పేరు సరోజన. మాది వరంగల్ కొత్తవాడ, మగ్గాల ఇల్లు. సోషియాలజీ ఎం.ఏ. చదివి, డెబ్భైల చివర యూనివర్సిటీలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా చేరాను. అంటే ఊరూరా తిరిగి జనాన్ని ప్రశ్నలడిగే నౌకరీ. ప్రమోషన్ల గురించి రాయను, అవి ఎవరికి ఎలా వస్తాయో పోనుపోను మీకే తెలుస్తుంది. నాకు ఈ పని మీద ప్రేమ పుట్టించిన సర్వే ఒకటుంది, దాని గురించే రాస్తాను.

మగపిల్లల హాస్టల్లో

కాలేజీ పిల్లలు ఎంత తాగుతున్నారో చూడాలని మా ప్రొఫెసర్ నరహరి గారికి బుద్ధి పుట్టింది. ఆయన పద్ధతి గట్టిది. ఒకే పిల్లలను ఏడాదిలో మూడుసార్లు అడగాలి: కాలేజీ తెరిచినప్పుడు, దసరా సెలవుల తర్వాత, పరీక్షలు అయ్యాక ఇళ్లకు పోయేముందు. హనుమకొండలో రెండు హాస్టళ్లు అనుకున్నాం. ఒక హాస్టల్ వార్డెన్ మమ్మల్ని గేటు దగ్గరే ఆపేశాడు. “మా పిలగాండ్లు తాగరు. తాగనోళ్లను తాగుతాండ్రా అని అడుగుడేంది సార్, లేని బుద్ధి నేర్పినట్టు,” అన్నాడు. ఆ రోజు నరహరి గారూ నేనూ ఆయన్ని బాగా తిట్టుకుంటూ తిరిగొచ్చాం. ఆ మాటలో సగం నిజముందని తర్వాత తెలిసింది.

మిగిలిన హాస్టలుకు వెళ్లాల్సిన ఇన్వెస్టిగేటరు బ్యాంకు ఉద్యోగం వచ్చి, చెప్పకుండానే వెళ్లిపోయాడు. ఇక మిగిలింది నేనే. నరహరి గారు కాసేపు నన్ను, కాసేపు కిటికీని చూసి, “పగటిపూట వెళ్లు, వరండాలోనే కూర్చో. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు అడుగు. ముఖంలో ఏ భావమూ కనపడొద్దు,” అన్నారు. ఇంట్లో చెబితే మా నాన్న మగ్గం ఆపి మరీ నవ్వాడు. “మగపోరగాండ్లను ఏం తాగుతాండ్రని అడిగేటందుకు గూడ సర్కారు నౌకరి ఇస్తాందా బిడ్డా,” అన్నాడు.

ఆ పిల్లలకు మొదట నా మీద అనుమానం. ఆ రోజుల్లో మా ఊరి కాలేజీల్లో కొత్త మనిషి ఎవరు పేరడిగినా సీఐడీ అనుకునేవారు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే ఒక్కడూ దగ్గరికి రాడు, స్తంభాల చాటునుంచి తొంగి చూడటమే. చివరికి ఒకడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నెక్కొండ దగ్గరి పల్లెవాడు, వ్యవసాయదారుల బిడ్డ, బి.ఏ. చివరి సంవత్సరం. పేరు మల్లేశం.

“వాళ్లు బెదురుతాండ్రు. నన్ను అడుగు అక్కా. ఒకపారి ఫెయిలైనోనికి ఇంక భయమేముంటది,” అన్నాడు.

మేడం అని పిలిపించుకోమని నరహరి గారు చెప్పి పంపారు. మల్లేశం అక్కా అన్నాక ఆ హాస్టలంతటికీ నేను అక్కనే అయిపోయాను.

రేక పట్టినవాడు లెక్కపెట్టడు

మొదటి ప్రశ్న: మీరు తాగుతారా? మల్లేశం తడుముకోకుండా “తాగ” అన్నాడు. కాగితం ప్రకారం నేను అక్కడితో వదిలేసి ఇంకో పేజీకి వెళ్లాలి. ఎందుకో వెళ్లబుద్ధి కాలేదు. పోయిన ఆదివారం ఊళ్లో ఏం చేశావని అడిగాను.

“పొద్దంత పొలం కాడ ఉన్నం. పొద్దూకినంక మామతోని ఈతవనంల కూసున్నం.”

“కూసోని?”

“కల్లు.”

“మరి తాగనంటివి?”

నన్ను చూసి వాడికి జాలేసినట్టుంది. “కల్లు తాగుడెట్లయితది అక్కా? తాగుడంటె సారా, బ్రాందీ. నువ్వు వరంగల్ల పుట్టలేదా ఏంది?”

పుట్టాను కాబట్టే సిగ్గేసింది. మా వైపు ఎల్లమ్మకు నైవేద్యంగా కల్లు సాక పోస్తారు, చుట్టం గడప తొక్కితే ముందు లొట్టి నిండా కల్లు తెస్తారు. ఆదివారం కల్లు తాగే మా నాన్నను ఎవరైనా తాగుబోతు అంటే నేనే కొట్లాటకు పోయేదాన్ని. ఆ సాయంత్రమే నరహరి గారి దగ్గర కూర్చుని ప్రశ్న మార్చాం. కల్లు, సారా, బ్రాందీ, బీరు అని విడివిడిగా రాశాం. మీరు ఏ సర్వేకి పోయినా ముందు అక్కడి జనం దేన్ని ఏమంటారో కనుక్కోండి, లేకపోతే ఊరంతా తిరిగి ఉత్తచేతులతో వస్తారు.

అంతలోనే ఇంకో చిక్కు. “ఎన్ని గ్లాసులు?” అని ఉంది కాగితంలో. మల్లేశం పకపకా నవ్వాడు. కల్లు తాగేది తాటాకు రేకతో. ఆకును దొప్పలా మడిచి రెండు చేతులతో మూతి దగ్గర పట్టుకుంటే, పోసేవాడు పైనుంచి లొట్టి వంచుతూనే ఉంటాడు. తాగేవాడు తాగుతూనే ఉంటాడు. అందులో ఒకటి, రెండు అనే మాట ఎక్కడుంది?

“లొట్టి వంగుతాంటది, నేను తాగుతాంట. మామ చెయ్యి ఆగినప్పుడు నేను ఆగుత. లెక్క ఎవ్వడు పెడుతడక్కా?”

“వచ్చేపారి మళ్ల అడుగుత. రేక నిండినప్పుడల్లా లెక్కవెట్టుకో,” అన్నాను. ఈసారికి అందాజాగా రాసుకుని, వాడితోనే కాదు, అందరితోనూ అదే చెప్పాను. లెక్క లేకపోతే నా కాగితం నిండదు, నా బాధ అదే.

లేవబోతూ మల్లేశం తాను ఫెయిలైన కథ చెప్పాడు. అంతకు ముందటేడు పరీక్షల నడుమ ఊళ్లో ఎల్లమ్మ పండుగ వచ్చింది. ఒక్క పూటకని వెళ్లాడు. మామ పోశాడు, బాబాయి పోశాడు, వరసైనవాళ్లంతా పోశారు. మరునాడు మెలకువ వచ్చేసరికి వరంగల్ రైలూ పోయింది, పరీక్షా పోయింది. “నేను మొదలువెడితె ఆగనక్కా. నా సంగతి నాకెర్కే. ఈసారి గూడ పండుగ పరీక్షల్లనే వస్తాంది,” అన్నాడు. అది చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

లింగయ్య గౌడ్ ఫిర్యాదు

దసరా తర్వాత రెండోసారి వెళ్లాను. ఈసారి స్తంభాల చాటున ఎవరూ లేరు, పిలవకముందే వచ్చి కూర్చుంటున్నారు. కానీ ఏదో తేడా. ఒకడి తర్వాత ఒకడు కల్లు తగ్గిందంటాడు. రేకలు లెక్కపెట్టి మరీ చెప్తున్నారు. పండుగ సెలవులకు ఊళ్లకు పోయొచ్చిన పిల్లలు తగ్గించి తాగడమేమిటి? 

కాగితాలు చూసి నరహరి గారు పెదవి విరిచారు. “వీళ్లు తాగడం తగ్గించలేదు సరోజా, చెప్పడం తగ్గించారు. నువ్వు అక్కవైపోయావు. అక్క ముందు ఎవడైనా ఎక్కువ తాగానంటాడా?”

“నేను అడిగినందుకే తగ్గించారేమో సార్.”

“థర్మామీటర్ పెట్టినంత మాత్రాన జ్వరం దిగదమ్మా,” అన్నారు. తన మాట తనకే బాగా నచ్చి రెండుసార్లు అన్నారు.

ఆయన అనుమానం న్యాయమైందే, అది ఒప్పుకోవాలి. తక్కువ తాగడం వేరు, తక్కువ చెప్పడం వేరు. ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నా అదే ఆలోచన. పిల్లలను మళ్లీ అడిగితే మళ్లీ అదే చెప్తారు. మరి ఎవరిని అడగాలి? చేతిలో ముద్ద అట్లా ఉండగానే తట్టింది. తాగేవాణ్ణి వదిలేసి పోసేవాణ్ణి అడగాలి.

హనుమకొండ శివారులో లింగయ్య గౌడ్ ఈతవనం ఉండేది. రెండు హాస్టళ్ల పిల్లలూ అక్కడికే పోతారు. ఆడదాన్ని ఒక్కదాన్నే పోతే బాగుండదని ఆదివారం మా నాన్నను వెంట తీసుకుని పోయాను. ఆయనకు అంతకన్నా కావలసిందేముంది? నౌకరీ పని మీద కల్లుకు పోవడం జన్మలో మొదటిసారి అనుకుంటూ రేక పట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. నేను ఎవరో చెప్పగానే లింగయ్య గౌడ్ లొట్టి కింద పెట్టేశాడు.

“ఆ సర్వే నీదేనా అమ్మా? నీకు దండం పెడుత, జర ఎప్పుడు బంద్ జేస్తవో చెప్పు. పిలగాండ్లు వస్తాండ్రు, కూసుంటాండ్రు, రెండు రేకలు కాంగనే చెయ్యి అడ్డం పెడుతాండ్రు. ఏందిరా అంటె, సర్వేల ఉన్న, పొయ్యకు అంటాండ్రు. సర్వేల ఉన్నోనికి కల్లు పొయ్యొద్దని సర్కారు రూల్ తెచ్చిందా ఏంది?”

 “మరి రెండో హాస్టలోళ్లు?” అన్నాను.

“వాళ్లకేం ఫికరు, ఎప్పటితీర్గ మంచిగనే తాగుతాండ్రు,” అన్నాడు.

ఇదిగో, ఇక్కడ ఒక్క క్షణం ఆగి మీరూ ఆలోచించండి. అదే ఊరు, అవే చదువులు, అదే లింగయ్య గౌడ్ కల్లు. ఒక హాస్టలును మేం అడిగాం, ఇంకో హాస్టలును వార్డెన్ పుణ్యమా అని అడగలేదు. అడిగినచోట తగ్గింది, అడగనిచోట తగ్గలేదు. మేం తిట్టుకున్న మనిషే మాకు ఈ పోలిక చేసిపెట్టాడు. ఆ సంతోషంలో మా నాన్నను అక్కడే మరచిపోయి సగం దూరం నడిచాను, ఆయన వెనకనుంచి కేకేస్తే గానీ గుర్తు రాలేదు.

సోమవారం నరహరి గారికి చెప్పాను. విన్నారు, కళ్లద్దాలు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. “పద, నేనూ వింటాను,” అని అప్పటికప్పుడు రిక్షా పిలిపించారు. లింగయ్య గౌడ్ ఆయన ముందూ అదే ఏడుపు ఏడ్చాడు. తిరిగొస్తూ ప్రొఫెసర్ గారు రిక్షాలో చిన్నపిల్లాడిలా తొడలు చరుచుకున్నారు. “నా థర్మామీటర్ పగిలిపోయింది సరోజా,” అని నవ్వారు. ఏడాది చివర రెండో హాస్టలును కూడా ఒక్కసారి అడగడానికి ఆ వార్డెన్‌ను తానే పోయి బతిమాలి ఒప్పించారు. వాళ్లు అందాజాగా చెప్పినవి, మా హాస్టల్ మొదటిసారి చెప్పినట్టే ఉన్నాయి. తన మాట తప్పని తేలినప్పుడు సంతోషించే బాస్ దొరకడం అదృష్టం. దొరికితే ఆయన ఎంత విసుక్కున్నా వదిలిపెట్టకండి.

అడగడం ఎందుకు పని చేసింది

లెక్క వల్లనే అని మొదట అనుకున్నాం. ఎంత తాగుతున్నామో తెలిశాక కొందరు బెదిరి తగ్గించిన మాట నిజమే. కానీ పిల్లలతో కూర్చుని మాట్లాడితే అసలు సంగతి బయటపడింది. మా వైపు పెద్దవాడు లొట్టి వంచితే రేక పక్కకు తీయకూడదు. తీస్తే పోసినవాణ్ణి కాదన్నట్టు. వద్దనడానికి ఆ పిల్లల దగ్గర మర్యాదైన మాట ఒక్కటీ లేదు. కడుపునొప్పి అంటే కల్లే మందు అంటారు, చదువుకోవాలంటే మాకంటే గొప్పోడివయ్యావా అంటారు. సర్వేలో ఉన్నాను, యూనివర్సిటీ అక్కకు లెక్క చెప్పాలి అంటే మాత్రం ఎవరి మనసూ నొచ్చుకోదు, పైగా వినడానికి కాస్త గొప్పగా కూడా ఉంటుంది. తాగడం మానాలని వాళ్లలో చాలామందికి లేదు. ఎక్కడో ఒకచోట ఆగాలని మాత్రం ఉంది, మేం తెలియకుండానే ఆ ఆగే చోటు చూపించాం.

ఇంత చెప్పాక సాంబయ్య సంగతి దాచకూడదు. మా కొత్తవాడ పిల్లవాడే, మొదటి సంవత్సరం, కల్లు వాసన కూడా గిట్టనివాడు. మూడోసారి అడిగితే బీరు తాగానన్నాడు.

“ఎందుకురా?” అన్నాను, భావం కనపడొద్దన్న మాట గాలికి పోయింది.

“కల్లు లేదు, సారా లేదు, బ్రాందీ లేదు అని నువ్వడిగినప్పుడల్లా చెప్పుడు నాకే సిగ్గయిందక్కా. ఇన్ని పేర్లు రాసిండ్రంటె అందరు తాగుతాండ్రేమో అనుకున్న. ఒక్కదానికన్న ఉన్నదని చెప్దామని తాగిన. చేదుగున్నది,” అన్నాడు.

వార్డెన్ అన్నది ఇదే కదా. ఆ తర్వాత నేను చేసిన ఏ సర్వేలోనైనా, చాలామందికి ఇవేవీ అలవాటు ఉండవు, లేదని చెప్పడానికి మొహమాటపడొద్దని ముందే చెప్పి గానీ అడగలేదు. ప్రశ్నకు పని చేసే శక్తి ఉందని సంబరపడేవాళ్లు అది రెండు వైపులా పని చేస్తుందని కూడా తెలుసుకోవాలి. సాంబయ్యకు ఆ చేదు నచ్చకపోవడం మా అదృష్టం.

మల్లేశం అడిగిన మాట

ఆ ఏడూ ఎల్లమ్మ పండుగ పరీక్షల నడుమే వచ్చింది. మల్లేశం వెళ్లాడని తెలిసి నాకు కాలు నిలవలేదు. పరీక్ష రోజు ఏదో పని కల్పించుకుని కాలేజీ వైపు పోయాను. గేటు దగ్గర కనిపించాడు, నుదుట బొట్టు అట్లాగే ఉంది, చేతిలో హాల్ టికెట్టు.

“రెండే రేకలక్కా. మామ మూడోది వంచబోతె, సర్వే అన్న. ఊరంత నవ్విండ్రు, కని పొయ్యలేదు,” అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అన్న పాసైనప్పుడు కూడా అంత ఆనందం లేదు.

పరీక్షలయ్యాక చివరిసారి అడగడానికి వెళ్లాను. అన్నీ చెప్పాడు. నేను కాగితాలు సర్దుకుంటుంటే లేవలేదు.

“వచ్చే ఏడు అడుగవా?”

“సర్వే అయిపోయింది మల్లేశం. రిపోర్టు రాసుడే.”

“అయితె నా సంగతేందక్కా?” అన్నాడు. నెక్కొండలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పడానికి కుదిరాడు, ఇక ఉండేది ఊళ్లోనే, మామల మధ్యనే. “తూలుకుంట బడికి పోతె పిలగాండ్లు ఏమనుకుంటరు? అయిపోయిందని మావోళ్లకు మాత్రం చెప్పకు.”

మా పనిలో మొదటి నియమం, ఫీల్డులో అబద్ధం ఆడకూడదు. ఏ మాటా ఇవ్వకుండా కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చేశాను. ఆ ఎండాకాలమంతా రిపోర్టు రాస్తున్నా వాడి మాటే చెవుల్లో ఉంది. మనం కదిలించిన మనిషిని మధ్యలో వదిలేసి రావచ్చా అనే ప్రశ్నకు ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు.

బడి తెరవకముందే మల్లేశం పెళ్లి. పత్రిక ఇచ్చి మరీ పిలిచాడు. నెక్కొండలో రైలు దిగి, వాళ్ల బంధువుల బండిలో ఊరు చేరాను. పెళ్లి మరునాడు పందిట్లో మగవాళ్లంతా వరుసగా కూర్చున్నారు, లొట్లు వచ్చాయి, తలా ఒక రేక అయింది. మేనమామ కొమురయ్య స్వయంగా లొట్టి పట్టుకుని పెళ్లికొడుకు ముందు నిలబడ్డాడు. మల్లేశం ఏదో మెల్లగా అన్నాడు. కొమురయ్య గిరుక్కున నా వైపు తిరిగాడు.

“నువ్వేనా బిడ్డా, ఆ సర్వే చేసేదానివి? మా అల్లుడు ఏడాది సంది నా చెయ్యి ఆపుతాండు. పెండ్లిల గూడ కడుపునిండ పొయ్యకపోతె నేను మేనమామనెందుకైన? నీ సర్వే అయిపోయిందా, ఉన్నదా? గింతమందిల ఒక్క మాట చెప్పు.”

పందిరంతా నన్నే చూస్తోంది. మల్లేశం మాత్రం తలెత్తలేదు, చేతిలో రేకనే చూస్తున్నాడు. రిపోర్టు అప్పటికే టైపుకు పోయింది. ఉందంటే అబద్ధం, అయిపోయిందంటే వాడి పని అయిపోయినట్టే. నేను కూర్చున్న పీట కాస్త ముందుకు జరుపుకుని వాడి ఎదురుగా కూర్చున్నాను.

“మల్లేశం, పోయిన వారంల ఎన్ని రేకలు తాగినవు?”

వాడు తలెత్తాడు. “రెండక్కా.”

“ఇయ్యాల?”

“ఒకటి అయింది. ఇంకొకటి తాగుత, గంతే.”

“సర్వే నడుస్తాంది కాకా. ఏటేట వచ్చి అడుగుత,” అన్నాను కొమురయ్యతో.

ఆయన నన్ను, మేనల్లుణ్ణి మార్చి మార్చి చూశాడు. లొట్టి వంచి ఆ ఒక్క రేక అంచులదాకా నింపాడు. తర్వాత లొట్టి నిటారుగా ఎత్తి పట్టుకుని, “రాసుకో బిడ్డా, రెండే,” అన్నాడు.

పెళ్లికి కాగితాలు ఎవరు తెస్తారు? పెన్ను మాత్రం ఉంది. అరచేతిలో రాసుకున్నాను.